సాక్షి మొట్టమొదట ఎవరిని చూపించాడో రికార్డు చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. దారిదోపిడీ, గొలుసు దొంగతనం, ఇంట్లో జొరబడి హత్య వంటి కేసుల్లో నిందితులు పట్టుబడిన వార్తతో పాటు వారి ముఖాలు స్పష్టంగా కనిపించే ఫొటోలు పత్రికల జిల్లా పేజీల్లోనూ, టీవీ ఛానళ్లలోనూ, వాటికన్నా ముందు వాట్సాప్ గ్రూపుల్లోనూ రావడం మనం తరచుగా చూస్తున్నాం. విలేకరుల సమావేశంలో పోలీసులు నిందితుల తలకు వేసే ముసుగు వారి పరువు కాపాడటానికే అని చాలామంది అనుకుంటారు గాని, దానికి చట్టపరంగా మరో ముఖ్యమైన కారణం ఉంది. గుర్తింపు పరేడ్ (నిందితుణ్ణి ఇతరులతో కలిపి వరుసగా నిలబెట్టి, మేజిస్ట్రేటు ఎదుట సాక్షిని గుర్తుపట్టమనే ప్రక్రియ) ఇంకా జరగని కేసులో సాక్షి ఆ ముఖాన్ని ముందుగా చూడకూడదు. చూసిన పక్షంలో ఆ తర్వాత జైల్లో జరిగే గుర్తింపుకు విలువ పోతుందని మన న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. జిల్లా కోర్టుల్లో చాలాకాలంగా క్రిమినల్ కేసులు నడుపుతున్న న్యాయవాదిగా ఈ విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తీసుకురావడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

నిర్దోషికి శిక్ష పడిందంటే ఎవరో కక్షగట్టి అబద్ధపు సాక్ష్యం చెప్పి ఉంటారనో, పోలీసులు కావాలని ఇరికించి ఉంటారనో మనకు వెంటనే తోస్తుంది. అలాంటివీ ఉన్నాయి. అయితే ఎవరిమీదా పగ లేని, డబ్బుకు ఆశపడని, ప్రమాణం చేసి తనకు తెలిసిన నిజమే చెప్పే సాక్షి వల్ల కూడా నిర్దోషులు ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గిపోయారు. అబద్ధం చెప్పే సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడో ఒకచోట తడబడతాడు. తాను చెప్పేది నిజమేనని మనసారా నమ్మిన సాక్షి తడబడడు. ఎంత గుచ్చి అడిగినా అతని మాట మరింత గట్టిపడుతుంది. ఆ ధీమాను చూసే న్యాయమూర్తి కూడా అతణ్ణి నమ్ముతారు.

ఈ విషయంలో ప్రపంచం ఎక్కువగా చెప్పుకునే కేసు అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రానిది. బర్లింగ్టన్ పట్టణంలో 1984 జూలైలో ఒక రాత్రి జెన్నిఫర్ థాంప్సన్ అనే ఇరవై రెండేళ్ల కాలేజీ విద్యార్థిని ఇంట్లోకి ఒక దుండగుడు చొరబడి ఆమెపై అత్యాచారం చేశాడు. (ఆమె తర్వాతి కాలంలో తన పేరుతోనే దేశమంతటా తిరిగి మాట్లాడారు కనుక ఇక్కడ పేరు రాస్తున్నాను.) బతికి బయటపడితే ఇతణ్ణి పట్టివ్వాలన్న పట్టుదలతో ఆ భయంలోనూ ఆమె అతని ముఖాన్ని శ్రద్ధగా గమనించారు. పోలీసులు ఆరు ఫొటోలు ఆమె ముందు పెట్టారు. కొన్ని నిమిషాల పాటు చూసి, తేల్చుకుని, రొనాల్డ్ కాటన్ అనే యువకుడి ఫొటోను ఆమె ఎంచుకున్నారు. తర్వాత మనుషులను వరుసగా నిలబెట్టి చూపినప్పుడు నాలుగో మనిషా, ఐదో మనిషా అని సందేహించి, ఐదో అతనే ఎక్కువగా పోలి ఉన్నాడని చెప్పారు. ఆ ఐదో మనిషి కాటన్. ఫొటోల్లోనూ ఉండి, ఈ వరుసలోనూ ఉన్నది ఆయన ఒక్కరే. ఫొటోల్లో గుర్తించింది కూడా ఇతణ్ణే అని పోలీసు అధికారి చెప్పిన తర్వాత ఆమె మనసులో సందేహానికి తావు లేకుండా పోయింది. 1985 జనవరిలో విచారణ నాటికి ఆమె సాక్ష్యంలో తొణుకు బెణుకు లేదు. కాటన్‌కు యావజ్జీవ శిక్ష పడింది.

అదే రాత్రి అదే విధంగా దాడికి గురైన మరో మహిళ ఉన్నారు. ఆమె మనుషుల వరుసలో కాటన్‌ను కాకుండా వేరొకరిని చూపించారు. ఈ సంగతి జ్యూరీకి (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందానికి) తెలియనివ్వలేదన్న కారణంతోనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు మొదటి శిక్షను కొట్టివేసి మళ్లీ విచారణకు ఆదేశించింది. అయితే 1987లో రెండో విచారణ మొదలయ్యేసరికి ఆ రెండో మహిళ కూడా తనపై దాడి చేసింది కాటనేనని నమ్మే స్థితికి వచ్చారు. ఈసారి రెండు నేరాలకూ కలిపి యావజ్జీవ శిక్షతో పాటు యాభై నాలుగేళ్లు పడ్డాయి. ఈలోగా అదే జైలుకు బాబీ పూల్ అనే ఖైదీ వచ్చాడు. చూడటానికి కాటన్‌లాగే ఉండేవాడు, ఆ నేరాలు చేసింది తానేనని తోటి ఖైదీతో అన్నాడు కూడా. రెండో విచారణలో అతణ్ణి జ్యూరీ లేని సమయంలో కోర్టులోకి తీసుకువచ్చి చూపించారు. తన మీద అత్యాచారం చేసిన మనిషి కొన్ని అడుగుల దూరంలో నిలబడి ఉంటే థాంప్సన్ ఇతణ్ణి ఎప్పుడూ చూడలేదని చెప్పారు. 1995లో డీఎన్‌ఏ పరీక్ష జరిపినప్పుడు నమూనా పూల్‌తో సరిపోయింది. అప్పటికి కాటన్ పదేళ్లకు పైగా జైల్లో గడిపారు.

ఆమె అబద్ధం చెప్పలేదు, ఆ పోలీసు అధికారికీ దురుద్దేశం ఉన్నట్టు ఎవరూ అనలేదు. జరిగిందల్లా ఏమిటంటే, ఫొటోలో తాను ఎంచుకున్న ముఖమే ఆమె జ్ఞాపకంలో ఆ రాత్రి చూసిన ముఖం స్థానంలోకి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా ఆమెకు కనిపించింది కాటన్ ముఖమే. నిజమైన నేరస్తుడు ఎదురుగా నిలిచినా అతని ముఖం ఆమెకు కొత్తగానే తోచింది.

ఇది ఒక్క మనిషికి జరిగిన వింత కాదని తర్వాతి పరిశోధనలు రుజువు చేశాయి. గ్యారీ వెల్స్, అమీ బ్రాడ్‌ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. నేరస్తుడు కనిపించే వీడియోను కొందరికి చూపించి, ఆ మనిషి ఫొటో అసలే లేని ఫొటోల వరుసను వారి ముందు పెట్టారు. వారు ఎవరిని ఎంచుకున్నా అది తప్పే అవుతుంది. ఎంచుకున్న తర్వాత కొందరితో సరైన మనిషినే గుర్తుపట్టారని ఒక్క మాట అన్నారు, మరికొందరితో ఏమీ అనలేదు. ఆ మాట విన్నవారు తమ నమ్మకం మొదటి నుంచీ గట్టిగానే ఉందని చెప్పుకోవడమే కాక, ముఖం తమకు బాగా కనిపించిందనీ, శ్రద్ధగా చూశామనీ కూడా చెప్పారు. కోర్టులో మనం సాక్షిని అడిగే ప్రశ్నలు కూడా ఇవే కదా! ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఉందా, ఎంతసేపు చూశావు అని అడిగి, ఆ జవాబులను బట్టి గుర్తింపును తూకం వేస్తాం. ఆ జవాబులే ఎవరో అన్న ఒక్క మాటతో మారిపోతే ఇక తూకం ఎక్కడిది?

భయంలో చూసిన ముఖం జన్మలో మరచిపోలేమన్నది కూడా మనం గట్టిగా నమ్మే మాట. అమెరికా సైనిక శిక్షణలో ఉన్న ఐదు వందల మందికి పైగా సిబ్బందిపై జరిగిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. శత్రువుకు పట్టుబడితే ఎలా ఉంటుందో అనుభవంలోకి తెచ్చేందుకు వారిని నిర్బంధించి కఠినంగా ప్రశ్నించారు. తమను అరగంటకు పైగా ముఖాముఖి ప్రశ్నించిన మనిషిని మర్నాడో ఆ మర్నాడో గుర్తుపట్టమంటే, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిలో ఎక్కువమంది గుర్తుపట్టలేకపోయారు. శిక్షణ పొందిన సైనికుల పరిస్థితే అదైతే, చీకట్లో మెడ మీద కత్తి పెట్టించుకున్న మనిషి చూపు ముఖం మీద కన్నా కత్తి మీదే ఎక్కువసేపు నిలుస్తుందంటే ఆశ్చర్యం ఏముంది?

అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షల ద్వారా నిర్దోషులుగా తేలిన మూడు వందలకు పైగా వ్యక్తుల కేసుల్లో సుమారు మూడింట రెండు వంతుల కేసుల్లో సాక్షుల పొరపాటు గుర్తింపు ఒక కారణంగా కనిపించింది. అవి డీఎన్‌ఏ నమూనా దొరికి, దాన్ని ఏళ్ల తరబడి భద్రపరచిన కేసులు మాత్రమే. బండి మీద వచ్చి గొలుసు తెంపుకుపోయినవాడు నమూనా ఏదీ వదిలిపోడు. అటువంటి కేసుల్లో పొరపాటు జరిగితే దాన్ని తర్వాత బయటపెట్టే సాధనమే లేదు.

అదంతా పరాయి దేశపు వ్యవహారం, అక్కడ జ్యూరీలు ఉంటాయి, ఇక్కడ చదువుకున్న న్యాయమూర్తులు ఉంటారు అని కొందరు మిత్రులు నాతో వాదించారు. వారికి నేను చెప్పేది మన దేశంలోని మహారాష్ట్ర కేసు. 2003 జూన్‌లో అక్కడ ఒక కుటుంబంపై రాత్రిపూట దుండగులు దాడి చేసి ఐదుగురిని చంపారు, దోచుకున్నారు, అత్యాచారానికి పాల్పడ్డారు. ఆ ఇంటి ఇల్లాలు, ఆమె కుమారుడు గాయాలతో బయటపడ్డారు. సంచార జాతికి చెందిన ఆరుగురు నిరుపేద కూలీలను పోలీసులు అరెస్టు చేశారు. ఆమె వారిని కోర్టులో గుర్తించింది. 2006లో సెషన్స్ కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. బొంబాయి హైకోర్టు ముగ్గురి శిక్షను యావజ్జీవానికి తగ్గించగా, 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ కూడా ఉరే సరైన శిక్ష అన్నది. ఆ ఆరుగురిలో ఒకరు ఘటన నాటికి మైనరు అని తర్వాత తేలింది.

రికార్డులో మొదటి నుంచీ ఒక కాగితం ఉంది. ఘటన జరిగిన కొద్ది రోజులకే పోలీసులు చూపించిన నేరస్తుల ఫొటోల ఆల్బమ్‌లో ఆమె నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురిలో ఒక్కరు కూడా ఈ ఆరుగురిలో లేరు. ఆ నలుగురిని ఎందుకు అరెస్టు చేయలేదో, ఎందుకు విచారించలేదో ప్రాసిక్యూషన్ చెప్పలేదు. జస్టిస్ ఏకే సిక్రీ, జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎంఆర్ షా ధర్మాసనం 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఇచ్చిన 2009 తీర్పును వెనక్కు తీసుకుని ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఒక్కొక్కరికీ ఐదు లక్షల రూపాయలు చెల్లించమనీ, దర్యాప్తులో తప్పు చేసిన అధికారులపై చర్య తీసుకోమనీ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికి వారు జైలుకు వెళ్లి పదహారేళ్లు. ఇందులో ఎక్కువ కాలం వారి తల మీద ఉరితాడు వేలాడుతూనే ఉంది.

ఆల్బమ్‌లో ఆమె చూపిన నలుగురే అసలు నేరస్తులని నేను అనడం లేదు. అదీ పొరపాటే కావచ్చు. అయితే చీకట్లో, అంతటి బీభత్సంలో చూసిన ముఖాల గురించి ఆమె జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగినదో ఆ మొదటి గుర్తింపు చెప్పేది. మూడు న్యాయస్థానాలు దానికి తగిన విలువ ఇవ్వకుండా, ఎప్పటికో కోర్టు హాల్లో చెప్పిన మాటను ప్రధానంగా తీసుకున్నాయి. బర్లింగ్టన్‌లో రెండో మహిళ మొదట వేరొకరిని చూపించడం, థాంప్సన్ మొదట సందేహించడం కూడా ఇటువంటివే. ఈ కేసుల్లో సాక్షి జ్ఞాపకం ఎంత బలహీనమో చెప్పింది మొదటి గుర్తింపే, శిక్ష వేసింది చివరి గుర్తింపును చూసి.

మన సాక్ష్య చట్టం అమరిక కూడా సరిగ్గా ఇలాగే ఉంది. పాత సాక్ష్య చట్టం 9వ సెక్షన్ కింద, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 7వ సెక్షన్ కింద గుర్తింపు పరేడ్ అసలైన సాక్ష్యం కాదు. సాక్షి కోర్టులో బోనులో ఉన్న ముద్దాయిని చూపించి చెప్పేదే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి ఊతం మాత్రమే. ముక్కూ మొహం తెలియని మనిషిని పరేడ్ లేకుండా మొదటిసారి కోర్టులోనే గుర్తించడానికి విలువ లేదని సుప్రీంకోర్టు 1979లో ఒక కేరళ కేసులో చెప్పింది. అయితే అదే కోర్టు, పరేడ్ జరపనంత మాత్రాన కోర్టులో గుర్తింపును తోసిపుచ్చనక్కర లేదని 2003లో ఒక మధ్యప్రదేశ్ కేసులో చెప్పింది. పరేడ్ ఎన్నాళ్లలోగా జరగాలన్నదానికీ గడువు లేదు. 1982లో ఒక కేసులో నలభై రెండు రోజుల ఆలస్యాన్ని అనుమానించిన కోర్టే 1994లో మరో కేసులో మూడు నెలల ఆలస్యాన్ని అంగీకరించింది. ఏ కేసు పరిస్థితులు ఆ కేసువే అన్నది నిజమే గాని, జ్ఞాపకం మాత్రం అందరికీ ఒకే తీరున చెదురుతుంది. కోర్టు హాల్లో బోనులో నిలబడేది ఒక్కడే. అతనే ముద్దాయి అని హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అక్కడ వేలెత్తి చూపడంలో సాక్షి జ్ఞాపకానికి పరీక్ష ఏముంటుంది?

నిజానికి పరేడ్ ఎలా జరపాలన్న నిబంధనలు మన దగ్గర చక్కగానే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1990లో వచ్చిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ ప్రకారం మేజిస్ట్రేటు సాధ్యమైనంతవరకు అదే వయసు, అదే ఎత్తు, అదే వాలకం ఉన్నవారిని నిందితుడితో కలిపి నిలబెట్టాలి. వరుసలో ఎక్కడ నిలబడాలో నిందితుడే ఎంచుకోవచ్చు. అభ్యంతరం ఏమైనా ఉందా అని అతణ్ణి అడగాలి. సాక్షులు ముందుగా అతణ్ణి చూసే వీలు ఉండకూడదు, ఒకరు చూసి వెళ్లాక ఇంకా చూడవలసినవారితో మాట్లాడకూడదు. కొందరు మేజిస్ట్రేట్లు ఎంత శ్రద్ధగా ఈ పని చేస్తారో వారి ప్రొసీడింగ్స్ చదివితే తెలుస్తుంది. నిందితుడి కనుబొమ్మ పైన గాటు ఉంటే వరుసలోని అందరి కనుబొమ్మల మీదా అదే చోట కాగితపు ముక్క అంటించి, ఆ సంగతి నమోదు చేసినవారిని నేను ఎరుగుదును.

అలాంటి శ్రద్ధ లేనప్పుడు ఏమవుతుందో కూడా చూశాను. ఒక కేసులో నా క్లయింటు మీసాలు సరిగా రాని కుర్రవాడు. అతని పక్కన నిలబెట్టినవారంతా చాలాకాలంగా రిమాండులో ఉండి గడ్డాలు పెరిగిన పెద్దవాళ్లు. అభ్యంతరం లేదని చెప్పినట్టుగా కాగితం మీద ఉంది. అభ్యంతరం చెప్పవచ్చన్న సంగతే ఆ కుర్రవాడికి తెలియదు. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ముసలావిడ రెండు పేటల గొలుసు పోగొట్టుకుని, మెడ మీద గీరుకుపోయిన మచ్చ చూపిస్తూ, ఆ ముఖం చచ్చేదాకా మరచిపోనని కన్నీళ్లు పెట్టుకున్నారు. అంతకు ముందు ఇతణ్ణి ఎప్పుడైనా చూశారా అమ్మా అని అడిగాను. ఆవిడ ఏమీ దాచకుండా చెప్పారు: “స్టేషన్లో కానిస్టేబులు బాబు ఫోన్లో చూపించాడయ్యా. ఈడేనమ్మా అన్నాడు. ఆ తర్వాతే జైలుకాడికి తీసుకెళ్లారు.” ఆ పరేడ్ కాగితాల్లో ఈ ఫోను ప్రస్తావన ఎక్కడా లేదు. ఆవిడను ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండకపోతే అది ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. ఆ కానిస్టేబులు కూడా సాయం చేస్తున్నాననే అనుకుని ఉంటాడు.

హత్య జరిగిన చోట రక్తపు మరకను ఎవరూ తొక్కకుండా తాడు కట్టి కాపలా పెడతాం. సాక్షి జ్ఞాపకం కూడా అంతటి సున్నితమైన ఆధారమే అయినా దాని చుట్టూ తాడు కట్టే ఆలోచన మనకు లేదు. రిమాండుకు తీసుకువచ్చినప్పుడు కోర్టు వరండాలో, స్టేషన్ బెంచీ మీద, పోలీసు ఫోన్లో, మర్నాడు పేపర్లో నాలుగు చోట్ల చూసిన ముఖాన్ని నెల తర్వాత జైల్లో ఐదోసారి చూసి భుజం మీద చెయ్యి వేస్తే, దాన్ని గుర్తింపు అని రాసుకుంటున్నాం.

ఆల్బమ్‌ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. సరైన పరేడ్‌లో నిందితుడు ఒక్కడే, మిగిలినవారు ఆ నేరంతో సంబంధం లేనివారు. సాక్షి వారిలో ఎవరినైనా చూపిస్తే పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది. పాత నేరస్తుల ఆల్బమ్‌లో అందరూ అనుమానితులే కనుక సాక్షి ఏ ఫొటో మీద వేలు పెట్టినా అది పొరపాటని తెలియదు, కేసు మాత్రం తయారవుతుంది. ఆ ఆల్బమ్‌లో ఎవరి ఫొటోలు ఉంటాయన్నది మరో ప్రశ్న. మన ప్రాంతంలో ఎరుకలవారిని, మరికొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం, సీతానగరం, కప్పరాళ్లతిప్ప వంటి సెటిల్‌మెంట్లలో బతికిన కుటుంబాల పిల్లలు నేడు టీచర్లుగా, ఇంజనీర్లుగా ఉన్నారు. అయినా చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు అటువైపు చూసే అలవాటు పూర్తిగా పోయిందని ఎవరు చెప్పగలరు? మహారాష్ట్రలో ఉరికంబం దాకా వెళ్లిన ఆరుగురూ అలాంటి సంచార జాతివారే కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

గుర్తించేది మనిషి కన్ను కాకుండా కెమెరా అయినా ప్రమాదం తగ్గదు. 2023 జనవరి చివర మెదక్‌లో ఒక గొలుసు దొంగతనం కేసులో, సీసీటీవీ దృశ్యాల్లో కనిపించిన వ్యక్తిని పోలి ఉన్నాడన్న అనుమానంతో పోలీసులు ఒక కూలీని తీసుకువెళ్లారు. నేరంతో సంబంధం లేదని తేలి విడిచిపెట్టారు. తనను స్టేషన్లో చిత్రహింసలు పెట్టారని చెప్పిన ఆయన ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో మరణించారు. తెలంగాణ హైకోర్టు దాన్ని తానే స్వీకరించి విచారణకు చేపట్టింది. ఆ మనిషికి శిక్ష పడలేదు, చార్జిషీటు కూడా లేదు. పోలిక ఒక్కటే ఆధారం. ఫోనులో ముఖాన్ని ఫొటో తీసి పాత నేరస్తుల ముఖాలతో సరిచూసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు పోలీసుల చేతిలో ఉంది. అది చూపించే పోలికను సాక్షికి ముందుగా చూపించి ఆ తర్వాత పరేడ్ పెడితే, యంత్రం చేసిన పొరపాటుకే మనిషి సాక్ష్యం తోడవుతుంది.

ఇంగ్లండులో ఇలాంటి తప్పుడు శిక్షలపై లార్డ్ డెవ్లిన్ కమిటీ 1976లో నివేదిక ఇచ్చింది. ఆ వెంటనే అక్కడి అప్పీలు కోర్టు టర్న్‌బుల్ కేసులో, గుర్తింపు మీదే ఆధారపడిన కేసుల్లో సాక్షి ఎంత నిజాయితీపరుడైనా పొరబడవచ్చునని న్యాయమూర్తి జ్యూరీని హెచ్చరించి తీరాలని నిర్దేశించింది. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం 2007లో చట్టమే చేసింది. ఆ దేశపు జాతీయ విజ్ఞాన అకాడమీ 2014లో సమగ్ర నివేదిక ఇచ్చింది. కాబట్టి ఏం చేయాలన్నది ఎవరో కొత్తగా కనిపెట్టవలసిన విషయం కాదు.

మన కొత్త చట్టాలు ఇక్కడ ఒక మంచి అవకాశాన్ని జారవిడిచాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం ప్రక్రియను ఆడియో వీడియో రికార్డు చేయడం తప్పనిసరి. గుర్తింపు గురించి చెప్పే 54వ సెక్షన్‌లో మాత్రం సాక్షి శారీరకంగానో మానసికంగానో దివ్యాంగులైతేనే రికార్డింగు తప్పనిసరి. బీరువాలో దొరికిన ఉంగరానికి వీడియో కావాలి, ఒక మనిషిని యావజ్జీవం జైలుకు పంపగల గుర్తింపుకు అక్కర లేదు! దీనికోసం పార్లమెంటు వైపు చూస్తూ కూర్చోనక్కర లేదు. క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌ను ప్రభుత్వ ఆమోదంతో సవరించే అధికారం మన రెండు హైకోర్టులకూ ఉంది.

ఆ సవరణలో కొన్ని సంగతులు తప్పక ఉండాలని కోరుతున్నాను. ప్రతి పరేడ్‌నూ మొదటి నుంచి చివరి వరకూ వీడియో తీయాలి, ఫొటోలు చూపించినా సరే. నేరస్తుడు ఈ వరుసలో ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు, ఎవరినీ గుర్తించకపోయినా పరవాలేదు అని సాక్షికి ముందే తెలుగులో, అర్థమయ్యేలా చెప్పాలి. వరుసలో నిందితుడు ఎవరో తెలిసిన వ్యక్తి ఎవరూ సాక్షి దగ్గర ఉండకూడదు; తెలిసినవాడు నోరు విప్పకపోయినా చూపుతో, నిట్టూర్పుతో చెప్పేయగలడు. సాక్షి చూపించిన మరుక్షణం, ఎవరూ ఏమీ అనకముందే, ఎంత నమ్మకంగా చెప్పగలరో అతని మాటల్లోనే రాసుకోవాలి. పరేడ్‌కు ముందు ఈ ముఖాన్ని ఫోన్లో గాని, పేపర్లో గాని, స్టేషన్లో గాని చూశారా అని మేజిస్ట్రేటు అడిగి జవాబు నమోదు చేయాలి. నిందితుడి వైపున లీగల్ ఎయిడ్ న్యాయవాది అయినా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, దర్యాప్తులో ఏ దశలో సాక్షి ఎవరిని గుర్తించినా, గుర్తించలేకపోయినా, వేరొకరిని చూపించినా ఆ కాగితం చార్జిషీటుతో పాటు డిఫెన్స్ వారికి అందాలి.

ఇలా చేస్తే దొంగలు తప్పించుకుంటారని, బాధితులకు న్యాయం జరగదని ఒక భయం ఉంది. బాధితుల పక్షాన కూడా కేసులు నడిపినవాడిని కనుక ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కాటన్ జైల్లో ఉన్నన్నాళ్లూ ఆ రెండు నేరాలూ పూల్ ఖాతాలో పడలేదు; అతను వేరే కేసుల్లో పట్టుబడి జైలుకు వచ్చాడు కనుక సరిపోయింది. మహారాష్ట్రలో ఐదుగురిని చంపినవారు ఎవరో శిక్షల ద్వారా ఇప్పటికీ తేలలేదు. ఆ తల్లీ కొడుకులకు పదహారేళ్ల తర్వాత మిగిలిందేమిటి? చక్కగా జరిపి వీడియో తీసిన పరేడ్‌లో గుర్తించిన నేరస్తుడికి డిఫెన్స్ న్యాయవాది చేయగలిగేది కూడా చాలా తక్కువ. పరేడ్ లోపాల వల్ల నిజమైన నేరస్తులు బయటపడిపోతున్న కేసులకూ ఈ నిబంధనలే మందు.

తప్పుడు శిక్ష అనుభవించినవారికి పరిహారం గురించి లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చి ప్రత్యేక చట్టం చేయమన్నది. ఆ చట్టం రాలేదు. అది వేరే లేఖ రాయదగిన విషయం.

చివరిగా పత్రికలకు నా విన్నపం. నిందితుడు అపరిచితుడై, సాక్షులు అతణ్ణి గుర్తించవలసి ఉన్న కేసుల్లో పరేడ్ పూర్తయ్యేదాకా ముఖం కనిపించే ఫొటో వేయవద్దు. పోలీసులే ఫొటో ఇచ్చినా ముఖం మసకచేసి వేయండి. పరేడ్ జరిగిందా అని ఒక్క మాట అడిగి తెలుసుకోమని మీ విలేకరులకు చెప్పండి. వెబ్‌సైట్లలో, యూట్యూబ్ ఛానళ్లలో పెట్టేవాటికీ ఇదే నియమం పాటించండి. రేపు సాక్షి బోనెక్కి నిలబడబోయే వ్యక్తి ఈ రోజు ఉదయం మీ పత్రిక చదివే ఉంటారు.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
తెనాలి